మినియన్స్‌కి ఒక పూట చాలదు

కొండ మీది పాత గని ఊరు ఏదైనా చెప్పండి, పిల్లలతో ఒక పూటలో చూసి రావచ్చా అని అడిగారు. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లోని మినియన్స్‌కి వెళ్లండి, ఒక పూట మాత్రం చాలదు. పేరు విని పిల్లలు సినిమాలోని పసుపు బొమ్మలు ఉంటాయనుకుంటారు, ముందే చెప్పి తీసుకెళ్లండి.

దగ్గర్లోని ప్లిమత్ నగరంలో ఉన్నప్పుడు మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి పొగమంచులో గొర్రెలు తప్ప ఏమీ కనపడలేదు. బాడ్మిన్ మూర్ అనే బీడు కొండనేల మీద దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది, కార్న్‌వాల్‌లో అంతకన్నా ఎత్తున ఇంకో ఊరు లేదు. కింద లిస్కర్డ్ పట్నంలో ఎండ కాస్తోంది కదా అని నమ్మకండి.

ఇప్పుడు గుప్పెడు ఇళ్లే కానీ, 1830ల చివర్లో పక్కనే సౌత్ కారడాన్‌లో రాగి పడ్డాక జనం ఎగబడ్డారట. 1840ల్లో రైలుపట్టాలు వేశారు. నిండు బళ్లు వాలులో వాటంతట అవే దిగేవి, ఖాళీవాటిని గుర్రాలు పైకి లాక్కొచ్చేవి. తర్వాత రాగి ధర పడిపోయింది, గని మనుషులు దక్షిణ ఆస్ట్రేలియా దాకా వలస పోయారు. కొందరు మన వైపూ వచ్చారు. మా తాత కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. వాటిని నడిపిన జాన్ టేలర్ కంపెనీ కార్న్‌వాల్ గని మనుషుల్నే తెచ్చుకునేది. అందుకే మినియన్స్‌లో మొండి ఇంజన్ హౌస్ (గని ఇంజను ఉండే కట్టడం) చూస్తే నాకు పరాయి ఊరిలా అనిపించలేదు. దగ్గరికెళ్లి గోడలు చూడండి, ఒకటి మిగతావాటికన్నా బాగా మందంగా ఉంటుంది. నీళ్లు తోడే ఇంజను దూలం బరువంతా దాని మీదే.

ఊరి పక్కనే హర్లర్స్ అనే మూడు రాతి వలయాలున్నాయి. ఆదివారం బంతాట ఆడినందుకు రాళ్లైపోయిన మనుషులని చెబుతారు. ఇంకాస్త నడిస్తే చీజ్‌రింగ్, రొట్టెలు పేర్చినట్టున్న గ్రానైట్ బండలు. మనుషులు పేర్చినవి కావు, గాలీ వానా చెక్కినవే. అంచు దాకా క్వారీ తవ్వేశారు, పిల్లల చెయ్యి వదలకండి. పాత గని బావుల చుట్టూ కంచె ఉంటే దాటనివ్వకండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడికి దగ్గర్లోనే ఉన్న డేనియల్ గంబ్ గుహ. 18వ శతాబ్దంలో రాళ్లు కొట్టుకుంటూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడు. తన పేరు, 1735 అని చెక్కుకున్నాడు. పైకప్పు బండ మీద పైథాగరస్ సిద్ధాంతం బొమ్మ గీసుంది. పదో తరగతి చదివే మా అమ్మాయి దాన్ని చూసి, "ఇక్కడ కూడానా నాన్నా!" అని తల పట్టుకుంది.