కానాగంతల్లో హిస్టమిన్: స్టాండర్డ్ సరిగా ఉన్నా నమూనా విలువ తగ్గుతున్నప్పుడు

స్టాండర్డ్ (తెలిసిన మోతాదులో హిస్టమిన్ ఉన్న పోలిక ద్రావణం) శిఖరం నిలకడగానే ఉన్నా, కానాగంత చేపల నమూనాలో మాత్రం హిస్టమిన్ (చేప పాడవుతున్నప్పుడు ఏర్పడే హానికర అమైన్) ప్రతిసారీ తక్కువగా, అదీ వేరువేరుగా వస్తోందని మీరు రాశారు. హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) కాలమ్‌ను అనుమానించే ముందు, హిస్టమిన్‌ను ఆ పరికరం గుర్తించేలా మార్చే డాన్సిల్ క్లోరైడ్ చర్య జరిగే ద్రావణపు పీహెచ్ చూడండి. చేప ముక్కను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో రుబ్బి వడకట్టిన ద్రవంలో మిగిలిన ఆమ్లం మీరు కలిపే బైకార్బనేట్‌ను తినేస్తుంది. ఆమ్ల మాధ్యమంలో ప్రోటాన్ చేరిన అమైన్‌తో డాన్సిల్ చర్య జరపలేదు. కాబట్టి ముందు సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరించి, ఆపై సంతృప్త బైకార్బనేట్ చేర్చి, అన్నీ కలిశాక ఒక్క చుక్కను పీహెచ్ కాగితంపై వేసి, రంగు సుమారు 9.5 చూపేదాకా సరిచేయండి. స్టాండర్డ్‌ను కూడా అదే ఆమ్లంలో తయారుచేయండి, ఎందుకంటే నీటిలో చేసిన స్టాండర్డ్ ఈ లోపాన్ని పూర్తిగా దాచేస్తుంది. అంతర్గత ప్రమాణంగా (మధ్యలో జరిగే నష్టాన్ని లెక్కగట్టడానికి నమూనాలోనే తెలిసిన మోతాదులో వేసే పదార్థం) 1,7-డయామినోహెప్టేన్‌ను రుబ్బేటప్పుడే వేయాలి. చేపల్లో హిస్టమిన్‌కు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు కనుక, తక్కువ చూపే పరీక్ష తినేవారికి ప్రమాదకరం.