ప్రళయంలో అందరూ పోతే ఆ పొడుగు మనుషులు మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చారు?

ప్ర: సార్ నమస్తే. బైబిల్లో ఆదికాండం 6లో నెఫీలులు అని పొడుగు మనుషులు ఉన్నారు. తర్వాత జలప్రళయంలో ఓడలో ఉన్న ఎనిమిది మంది తప్ప అందరూ పోయారు కదా, మరి సంఖ్యాకాండం 13లో మోషే పంపిన వేగులవాళ్ళు కనానులో మళ్ళీ వాళ్ళనే చూశాం అంటారేంటి? మా సండే స్కూల్లో అడిగితే ఎక్కువ ఆలోచించకు అన్నారు.
– ఒక పాఠకుడు, ఏలూరు

జ: ఆలోచించండి, ఏం ఫర్వాలేదు, ఈ డౌట్ పాతకాలం యూదు రబ్బీలకి, అంటే వాళ్ళ మత పండితులకి కూడా వచ్చిందే. అసలు ఆదికాండంలో నెఫీలుల గురించి ఉన్నది ఒక్క వచనం, అందులో ఎత్తు మాటే లేదు, దేవుని కుమారులు, నరుల కుమార్తెలు, పేరుపొందిన శూరులు, అంతే. కానీ మధ్యలో 'తరువాత కూడా ఉన్నారు' అని చిన్న ముక్క ఒకటి ఉంది చూశారా, గొడవంతా దాంతోనే. ఇక వేగులవాళ్ళ సంగతంటారా, వాళ్ళు అప్పటికే హడలిపోయి ఉన్నారు, కనానులో ఉన్న అనాకీయులనే పొడుగు జాతి ముందు మేం మిడతల్లా ఉన్నాం అన్నారు, బైబిలే దాన్ని చెడ్డ సమాచారం అంటోంది కాబట్టి భయపడ్డవాళ్ళ కొలతలు కాస్త తగ్గించి చదువుకోవాలని నా ఉద్దేశం.

రబ్బీలు మాత్రం తగ్గించలేదండోయ్, ఇంకా పెంచారు! బాషాను రాజు ఓగు ఉన్నాడు కదా, ద్వితీయోపదేశకాండం 3లో రెఫాయీయులనే పాత పొడుగు జాతిలో మిగిలినవాడు ఇతనొక్కడే అని, ఇతని ఇనుప మంచం తొమ్మిది మూరల పొడుగు, నాలుగు మూరల వెడల్పు అని ఉంటుంది, అంటే పొడుగు సుమారు 13 అడుగులు. ఆ 'మిగిలినవాడు' అన్న మాట పట్టుకుని, దేని నుంచి మిగిలాడు, ప్రళయం నుంచే అన్నారు. ఎలా అంటే ఓడ బయట నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడట, నీకూ నీ పిల్లలకూ దాసుడిగా ఉంటానని నోవహుకి ఒట్టేశాడట, నోవహు ఓడకి చిల్లు పెట్టి అందులోంచి రోజూ తిండి అందించాడట. పిర్కే దె రబ్బీ ఎలియేజర్ అనే గ్రంథంలో ఉంది ఇది.

రబ్బీల చర్చలన్నీ కూర్చిన తల్మూదు అనే గ్రంథంలో ఇంకా బాగుంటుంది. ఇశ్రాయేలీయుల పాళెం మొత్తం మీద ఒకేసారి వేసేద్దామని ఓగు ఓ కొండని పీకి నెత్తిన పెట్టుకొస్తుంటే, దేవుడు చీమల్ని పంపించాడు, అవి కొండకి కన్నం చేశాయి, కొండ కాస్తా జారి మెడలో పడింది, తీద్దామంటే పళ్ళు అటూ ఇటూ పెరిగి అడ్డం. అప్పుడు పది మూరల మోషే, పది మూరల గొడ్డలి తీసుకుని, పది మూరలు పైకి ఎగిరి కొడితే తగిలింది ఎక్కడో తెలుసా, చీలమండకి! మరి ఇంత మనిషికి తొమ్మిది మూరల మంచం ఏం సరిపోద్ది అని నన్ను అడగొద్దు.

ప్ర: మనిషి పక్కన పెద్ద అస్థిపంజరం ఉన్న ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, నెఫీలులదేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: కాదమ్మా. 2000లో న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్ దగ్గర మాస్టొడాన్ అనే ఏనుగులాంటి జంతువు ఎముకల కోసం తవ్వారు, ఆ ఫొటోలో మనిషి అస్థిపంజరం అతికించి 2002లో ఆన్‌లైన్ ఫొటోషాప్ పోటీకి ఎవరో పంపారు. అదే ఫొటో మన దేశంలో ఘటోత్కచుడి పేరుతో కూడా తిరిగింది.

ప్ర: దావీదు చంపిన గొల్యాతు నిజంగా తొమ్మిదిన్నర అడుగులా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జ: మన బైబిల్లో ఆరు మూళ్ళ జానెడు, అంటే మీరన్న లెక్కే. కానీ మృత సముద్రం దగ్గర కుమ్రాన్ నాలుగో గుహలో, 1952లో బయటపడ్డ సమూయేలు గ్రంథం చుట్టలో నాలుగు మూళ్ళ జానెడు అనే ఉంది, పాత గ్రీకు అనువాదంలోనూ అంతే. అంటే ఆరున్నర అడుగుల పైచిలుకు. నాకైతే ఇదే నమ్మబుద్ధి అవుతుంది. అప్పుడు జనం అందరికంటే భుజాల పైకి పొడుగున్న ఇశ్రాయేలు రాజు సౌలు, గొల్యాతులాంటి సాటి మనిషికి భయపడి డేరాలో కూర్చున్నట్టు అవుతుంది మరి.