డేటాబేసు తెరిచే ముందు ప్రాంతాల పాత పేర్లు కూడా రాసుకోండి

పరిశోధన డేటాబేసుల్లో వెతికితే ఒకసారి వేలకొద్దీ వ్యాసాలు వచ్చి పడుతున్నాయి, మరోసారి ఒక్కటీ దొరకడం లేదు, పద్ధతి ఏమిటని అడిగారు. నేను ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. విషయాన్ని విడదీసుకుని, ఒక్కో భాగానికి వాడుకలో ఉన్న పేర్లన్నీ ముందుగా కాగితం మీద పెట్టకుండానే కంప్యూటరు ముందు కూర్చోవడమే ఈ ఇబ్బందికి మూలమని నా దృఢమైన అభిప్రాయం.

నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై థీసిస్ రాస్తున్న ఒక పీజీ విద్యార్థిని వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేసు అయిన పబ్‌మెడ్‌లో 'ఫ్లోరోసిస్ ఆండ్ నల్గొండ ఆర్ తెలంగాణ' అని ఇచ్చి, డెంగీ మొదలుకొని క్షయ దాకా తెలంగాణ ప్రస్తావన ఉన్న వ్యాసాలన్నీ వరుస కట్టడంతో విసిగిపోయి నా దగ్గరకు వచ్చారు. 'ఆండ్' అంటే రెండు మాటలూ ఉన్న వ్యాసాలు, 'ఆర్' అంటే ఏదో ఒకటి ఉన్నా చాలు. పబ్‌మెడ్ ఈ మాటలను ఎడమ నుంచి కుడికి చదువుతుంది కనుక, బ్రాకెట్లు లేనప్పుడు చివరి 'ఆర్' తలుపులు బార్లా తెరిచేస్తుంది. వ్యాధి పేర్లను ఒక బ్రాకెట్లో, ప్రాంతం పేర్లను మరొక బ్రాకెట్లో చేర్చి, లోపల 'ఆర్', నడుమ 'ఆండ్' వేయగానే అనవసరమైనవి తొలగిపోయాయి. అయితే ఇథియోపియా, టాంజానియాలకు చెందిన వ్యాసాలు మాత్రం మిగిలాయి. పటిక, సున్నంతో తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే స్థిరపడి, అది ఆఫ్రికా దాకా వెళ్లడమే దీనికి కారణం. ఆమె వెంటనే 'నాట్' వేసి ఆ పద్ధతి పేరును తీసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. నల్గొండ గ్రామాల్లో రోగులను పరీక్షించిన వ్యాసం ఆ పద్ధతిని సారాంశంలో ఒక్కసారి ప్రస్తావించినా చాలు, 'నాట్' దానినీ మాయం చేస్తుంది. మాయమైనట్లు మనకు తెలియను కూడా తెలియదు.

అసలు చిక్కు ప్రాంతాల పేర్లలో ఉంది. నల్గొండ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనూ, 2014 వరకు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వెల్లడించిన 1937 నాటి నివేదికలో కనిపించేది మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. ఆ ప్రాంతం 1970లో ఏర్పడి తర్వాత ప్రకాశం అనే పేరు పొందిన జిల్లాలోకి వెళ్లింది. తెలంగాణ అన్న ఒక్క మాటతో వెతికేవారికి ఈ చరిత్రలో చాలా భాగం అందదు. పేర్ల జాబితా అడిగితే సమయం వృథా అనుకునే గైడ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. విశ్వవిద్యాలయాలు కూడా థీసిస్‌లను ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు కీలకపదాల గడిలో 'ఆరోగ్యం', 'అధ్యయనం' వంటి మాటలు నింపి పంపిస్తున్నాయి. వాటితో ఎవరు దేనిని కనుగొనగలరు?

మెష్ పదాలను, అంటే విషయాన్ని బట్టి వ్యాసాలకు జతచేసే ప్రామాణిక పదాలను, తప్పక వాడండి, కానీ వాటితోనే ఆగిపోవద్దు. పబ్‌మెడ్‌లోని ప్రతి వ్యాసానికీ మెష్ పదాలు ఉండవు కనుక, శీర్షికలోనూ సారాంశంలోనూ వచ్చే మామూలు మాటలను కూడా 'ఆర్'తో కలపాలి. పదం మధ్యలో ఆపి నక్షత్రం గుర్తు పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ వస్తాయి, కానీ దానిని మరీ ముందుగా పెట్టకండి: 'ఫ్లోర్' దగ్గరే పెడితే ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శినులు, ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందు కూడా వచ్చి చేరతాయి. పని ముగియగానే మీరు వెతకడానికి వాడిన వాక్యాన్ని ఉన్నదున్నట్లుగా, తేదీతో సహా, ఒక ఫైలులో భద్రపరచండి. ఎనిమిది గంటలు కదలిక లేకపోతే పబ్‌మెడ్‌లో మీ వెతుకులాట చరిత్ర చెరిగిపోతుంది.