చదువు సందేహాలు: ఇటలీలో మొదటి రోజులు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ సీటు వచ్చింది, సెప్టెంబరులో బయలుదేరుతున్నాను. మా ఇంట్లో విదేశానికి చదువుకోవడానికి వెళ్తున్న మొదటిదాన్ని నేనే. అక్కడ దిగాక ఏ పని ముందు చేయాలో, ఏది ఆలస్యమైనా ఫర్వాలేదో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. కోర్సు ఇంగ్లిషులోనే ఉంటుంది, నాకు ఇటాలియన్ రాదు. దయచేసి వివరించగలరు.

జవాబు: ఏది ముందు, ఏది తర్వాత అని అడిగి మీరు మంచి పని చేశారు. నేను అక్కడ చదువుకున్న రోజుల్లో ఈ ప్రశ్న వేసుకోకుండానే వెళ్లి, మొదటి వారమంతా గిన్నెలూ దుప్పట్లూ కొనుక్కోవడంలో గడిపేశాను. ఇటలీలో అడుగుపెట్టిన నాటి నుంచి 8 పనిదినాల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలన్నది అక్కడి చట్టం. దాన్ని వాళ్లు ‘పెర్మెస్సో ది సొజ్జోర్నో’ అంటారు. గిన్నెలు పదో రోజున కొనుక్కున్నా ఇబ్బంది లేదు.

ఈ దరఖాస్తుకు మీరు మొదట వెళ్లవలసింది పోలీసుల దగ్గరకు కాదు, పోస్టాఫీసుకు. ‘స్పోర్తెల్లో అమీకో’ అని రాసి ఉన్న కౌంటరులో దరఖాస్తు పత్రాలున్న కవరును ఉచితంగా ఇస్తారు. పత్రాలు నింపి, పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లేఖ, ఆరోగ్య బీమా నకళ్లు జతచేసి, 16 యూరోల రెవెన్యూ స్టాంపుతో సహా అదే కౌంటరులో అందజేయాలి. ఆ స్టాంపు పోస్టాఫీసులో కాకుండా, గుమ్మం మీద ‘టి’ అక్షరం బోర్డు వేలాడే పొగాకు దుకాణంలో దొరుకుతుంది. కవరును అంటించి తీసుకువెళ్లకండి, లోపలి కాగితాలను వాళ్లు చూసుకోవాలి కాబట్టి తెరిచే ఇవ్వాలి. నివాస అనుమతి కార్డు ఖర్చు, రుసుములు అన్నీ కలిపి దాదాపు 120 యూరోలు చేతిలో ఉంచుకోండి. వేలిముద్రల కోసం ‘క్వెస్తూరా’ అనే పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎప్పుడు వెళ్లాలో తేదీ, సమయం వేసి ఒక కాగితం ఇస్తారు. దానితోపాటు ఇచ్చే రసీదును పాస్‌పోర్టుతో సమానంగా భద్రపరచండి. కార్డు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు, అంతవరకూ మీకు ఆధారం ఆ రసీదే.

రెండో పని ‘కోదిచె ఫిస్కాలె’ అనే పన్ను సంఖ్య. ఇది లేకుండా అద్దె ఒప్పందం రాసుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం కష్టం. కొందరికి బయలుదేరే ముందే ఇది వచ్చి ఉంటుంది. లేనివారు అక్కడి పన్నుల కార్యాలయంలో రుసుమేమీ లేకుండా తీసుకోవచ్చు. ఇందులో 16 అక్షరాలు, అంకెలు ఉంటాయి: ఇంటిపేరు నుంచి మూడు అక్షరాలు, మీ పేరు నుంచి మూడు, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం, నెల, తేదీ, మన దేశానికి గుర్తుగా జెడ్222, చివర ఒక సరిచూపు అక్షరం. స్త్రీల విషయంలో పుట్టిన తేదీకి 40 కలుపుతారు. అంటే 14వ తేదీన పుట్టిన అమ్మాయి పన్ను సంఖ్యలో 54 ఉంటుంది. అది చూసి తప్పు పడిందని కంగారుపడకండి.

తప్పు నిజంగా పడేది పేరు దగ్గర, అదీ మన తెలుగు పిల్లలకే ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, డిగ్రీ పట్టాలో పొడి అక్షరంగా మిగులుతుంది, పాస్‌పోర్టులో వేరే గడిలోకి వెళ్తుంది. అక్కడి ప్రతి దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఇంకొక్క మాట. అక్కడి అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర బెల్లుల పక్కన, ఉత్తరాల డబ్బాల మీద చాలాచోట్ల ఫ్లాటు నంబరు కాకుండా నివసించేవారి ఇంటిపేర్లు ఉంటాయి. డబ్బా మీద నా పేరు లేనందువల్ల బ్యాంకు పంపిన రిజిస్టరు ఉత్తరం ఒకటి వెనక్కు వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే రూళ్ల కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో ఇంటిపేరు రాసి, డబ్బాకు టేపుతో అంటించాను. మీరు గది తాళం తీసుకున్న రోజునే ఆ పని చేయండి.

గదిని కళ్లారా చూడకుండా అడ్వాన్సు పంపవద్దు. ఒప్పందాన్ని పన్నుల శాఖలో రిజిస్టరు చేయిస్తానని యజమాని చేత ముందే మాట తీసుకోండి, ఉపకార వేతనానికీ అది అవసరపడుతుంది. ఆ వేతనం కోసం మీ కుటుంబ ఆదాయ పత్రాలకు అపొస్టిల్ ముద్ర, అంటే అవి అసలైనవేనని విదేశాల కోసం మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ కూడా కావాలి. అక్కడికి వెళ్లాక దీనికోసం నాన్నగారిని కార్యాలయాల చుట్టూ తిప్పడం కంటే, ఇక్కడున్నప్పుడే పూర్తి చేసుకోవడం మేలు.

భాష గురించి అంతగా భయపడకండి. దుకాణంలో అడుగుపెట్టగానే ముందు మీరే ‘బోన్‌జోర్నో’ అనండి. ఆ పలకరింపు లేకుండా నేరుగా వస్తువు అడిగితే అమర్యాదగా భావిస్తారు. కిక్కిరిసిన బస్సులో దారి కావాలంటే ‘పెర్మెస్సో’ అంటే చాలు, మీ నివాస అనుమతి పేరులో ఉన్న మాటే అది. 1088 నుంచి ఉన్నదని చెప్పుకునే ఆ విశ్వవిద్యాలయం చుట్టూ, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన వరండా దారులు నగరమంతటా పరుచుకుని ఉన్నాయి. వానలో కూడా గొడుగు లేకుండా చాలా దూరం నడిచిపోవచ్చు. మన బీచ్ రోడ్డు గుర్తుకొచ్చి దిగులు పుట్టిన సాయంత్రాల్లో నేను ఆ వరండాల వెంటే నడిచేదాన్ని.

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి పాడువాలో చేరి మూడు వారాలైంది. రాత్రి ఫోనులో ఏడుస్తోంది. వెనక్కు రమ్మనమంటారా?

జవాబు: అప్పుడే రమ్మనకండి. ఇప్పుడు మనకూ ఇటలీకీ తేడా మూడున్నర గంటలు. మీరు పడుకోబోతూ 10 గంటలకు చేసే ఫోను ఆమెకు సాయంత్రం 6:30కు అందుతుంది. తరగతులు ముగిసి, గదికి చేరి, వంట ఒక్కరికే చేసుకోవాల్సిన వేళ అది. ఒంటరితనం ఎక్కువగా కమ్ముకునేది అప్పుడే. ‘ఏం తిన్నావు’ అని అడిగి ఊరుకోకుండా, ఆ రోజు ఏ వీధిలో నడిచింది, ఎవరితో మాట్లాడింది అని అడగండి. వారానికి రెండు రోజులైనా తోటి విద్యార్థులతో కలిసి విశ్వవిద్యాలయ భోజనశాలలో తినమని చెప్పండి. నిద్ర, తిండి బాగా తగ్గినట్టు అనిపిస్తే విశ్వవిద్యాలయంలోని మానసిక సహాయ విభాగాన్ని వెంటనే సంప్రదించమనండి.

దిగులుకు పరీక్షల భయం కూడా తోడై ఉండవచ్చు. అక్కడ చాలా పరీక్షలు మౌఖికంగా, ప్రొఫెసరు ఎదుట కూర్చుని జవాబు చెప్పే పద్ధతిలో ఉంటాయి. మార్కులు 30కి వేస్తారు, 18 వస్తే పాసైనట్టు. కాబట్టి 24 వచ్చాయని చెబితే ‘అంతేనా’ అనకండి, అది గౌరవప్రదమైన మార్కే.

అక్టోబరు చివరి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కు జరుగుతాయి. ఆ తర్వాత మన 10 గంటలు ఆమెకు 5:30 అవుతుంది, ఇంకా తరగతిలోనే ఉండవచ్చు. ఆ రోజు నుంచి మీ ఫోను వేళను 11కు మార్చుకోండి.