డబ్బు కట్టే ముందు స్పారింగ్ క్లాసు చూడు

చిరంజీవి చిన్నాకి, అత్త ఆశీస్సులు.

పాపని కరాటేలోనో జూడోలోనో చేర్పిద్దామనుకుంటున్నావనీ, పనిలో పనిగా నువ్వూ కిక్‌బాక్సింగ్ మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నావనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. మన విశాఖ ఎంవీపీ కాలనీలో మీ ఇంటి చుట్టుపక్కలే మూడు నాలుగు బోర్డులున్నాయట, ఏది మంచిదో అత్తని అడగమన్నావట. ఫలానా చోట చేర్చేయ్ అని చెప్పలేను. మాస్టారు మారితే అదే బోర్డు కింద అంతా మారిపోతుంది. ఎలా చూసి ఎంచుకోవాలో చెబుతాను. జూడో ఆడి, తర్వాత బడి పిల్లలకు నేర్పినదాన్ని కాబట్టి దెబ్బలు ఎక్కడ తగులుతాయో, ఎందుకు తగులుతాయో నాకు బాగా తెలుసు.

అందరూ ముందు అడిగేది "ఏ విద్య సేఫ్ అండీ?" అని. ప్రతి విద్యకీ దాని దెబ్బ దానికుంది. బాక్సింగ్‌లో తలకి. తైక్వాండోలో ఛాతీకి గార్డు, తలకి హెడ్‌గార్డు ఉన్నా కాలు తలదాకా లేస్తుంది. జూడోలో గుద్దులుండవు, పడటం ఉంటుంది. కీళ్లు మెలిపెట్టే జుజుట్సులో మోచేతులకి, మోకాళ్లకి. కరాటే అంతా ఒకటే అనుకోకు. షోటోకాన్ అనే శైలిలో గుద్దుని అదుపు చేసి ఆపడమే నైపుణ్యం. మసుతాత్సు ఒయామా స్థాపించిన క్యోకుషిన్‌లో చేతులకి గ్లవ్స్ లేకుండా ఒంటి మీద నిండు బలంతో కొడతారు. ముఖం మీద చేత్తో కొట్టకూడదు గానీ కాలితో తన్నొచ్చు. రెండిటికీ బోర్డు మీద రాసేది కరాటే అనే. అందుకని పేరు పక్కన పెట్టి ఒక్కటే చూడు: ఆ క్లాసులో దెబ్బ ఎంత గట్టిగా పడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? మాస్టారా, దెబ్బ తినేవాళ్లా, లేక ఎవడికి బలముంటే వాడా?

ఇది తెలియాలంటే పెంకులు పగలగొట్టే ప్రదర్శన రోజు వెళ్లకు. స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన, ఉన్న రోజు అడిగి వెళ్లు. మొదటి నుంచి చివరిదాకా కూర్చో. చూడనివ్వం అంటే అక్కణ్ణుంచే వచ్చేయ్, ఇక ఏమీ అడగక్కర్లేదు. జతలు ఎలా కడుతున్నారో చూడు. బరువు, ఎత్తు, ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారు అన్నవి చూసి కడుతున్నారా, లేక వరసలో ఎవరు పక్కన నిలబడితే వాళ్లతోనా? చిన్నపిల్ల దెబ్బకి కళ్లు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పేసిందనుకో. అంటే ఆ క్షణంలో ఆ పిల్ల నేర్చుకోవడం ఆగిపోయింది, భయం ఒక్కటే మిగిలింది. మంచి మాస్టారు అక్కడ ఆపి, ఎదుటివాడి చేతి వేగం సగానికి తగ్గించి, మళ్లీ చేయిస్తారు. ఇంకో రకం "భయపడకే, లే!" అని అరుస్తారు. పట్టు పట్టినప్పుడు ఒక పిల్లాడు మ్యాట్ మీద టపటపా తడితే పట్టినవాడి చేతులు ఆ క్షణమే వదలాలి. అర క్షణం బిగించి నవ్వుకుంటూ వదిలాడంటే, మాస్టారు అది చూసీ చూడనట్టు ఊరుకున్నారంటే, అక్కడ "చాలు" అన్న మాటకి విలువ లేదని అర్థం. కలర్ బెల్టు సీనియర్లు కొత్తవాళ్లతో ఎలా ఉన్నారో చూస్తే మాస్టారి గుణం తెలిసిపోతుంది.

అలాగని ఎవరూ ఎవర్నీ ముట్టుకోని చోటా వద్దు. గాల్లో గుద్దులు, కటాలు (ఎదురు మనిషి లేకుండా వరసగా చేసే కదలికలు) మాత్రమే చేయించి, మూడు నెలలకో బెల్టు ఇచ్చి, "మీ అమ్మాయి ఇక తనని తాను కాపాడుకుంటుంది" అని చెప్పేవాళ్లున్నారు. చెయ్యి గట్టిగా పట్టుకుంటే ఎలా ఉంటుందో ఒక్కసారీ తెలియని పిల్లకి ఆ నమ్మకం ఇవ్వడం అన్యాయం. ముందు ప్యాడ్ల మీద, తర్వాత చెప్పి చేసే జత కసరత్తులు, తర్వాత మెత్తటి స్పారింగ్, నిలదొక్కుకున్నాక ఎప్పుడైనా గట్టిది. ఈ మెట్లు కనిపించాలి.

జూడో గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు తెలిసిన విద్య కాబట్టి. జపాన్ బడుల్లో 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల్లో జూడో నేర్చుకుంటూ వందకు పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమందికి తలకి దెబ్బ. వాళ్లలో చాలామంది అప్పుడప్పుడే మొదలుపెట్టినవాళ్లు. జూడో పుట్టిన దేశంలోనే ఇలా జరిగింది. అందుకే పడటం రాకుండా పడేయకూడదు. గడ్డం ఛాతీకి ఆనించాలి, కళ్లు నడుముకున్న బెల్టు ముడిని చూడాలి, ఊపిరి వదలాలి, వీపు తగులుతుండగా చేతులు ఒంటికి కాస్త ఎడంగా మ్యాట్‌ని చరచాలి. గడ్డం అలా దించితే తల వెనకభాగం నేలకి తగలదు. ఇది నిద్రలో లేపి అడిగినా వచ్చేదాకా, వారాల తరబడి చేయించాలి. మొదటి వారంలోనే పిల్లల్ని విసిరేస్తున్నారంటే పాపని అక్కడ ఉంచకు. మ్యాట్ల మధ్య సందులున్నా, గచ్చు మీద పలచటి రబ్బరు షీటు పరిచి అదే మ్యాటన్నా ఒప్పుకోకు.

తల విషయంలో మొహమాటం వద్దు. హెడ్‌గార్డు ఉంది కదా అంటారు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుని ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మగ బాక్సర్లు హెడ్‌గార్డు లేకుండానే ఆడారు. తలకి దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మాయన్నా, మాట తడబడినా, తలనొప్పి అన్నా, ఆ రోజుకి ఆట ముగిసినట్టే. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ దింపడం నేరమనే అంటాను. వాంతులు, మగత, తికమక, ఫిట్స్ ఏది కనిపించినా వెంటనే కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లాలి. తర్వాత కూడా డాక్టరు సరేనన్నాకే మళ్లీ స్పారింగ్. నువ్వు చూసే చోట "తలకి దెబ్బ తగిలితే ఏం చేస్తారు?" అని అడుగు. తడుముకోకుండా జవాబు రావాలి.

"ఇక్కడ కఠినంగా ఉంటుంది, అందుకే ఛాంపియన్లు తయారవుతారు" అని చెబుతారు. బాక్సర్ నిఖత్ జరీన్ 2009లో మన విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) సెంటర్‌లో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ ఐ.వి. రావుగారి దగ్గర చేరిన అమ్మాయి. 2017లో భుజం గాయమైతే అది మానేదాకా చాలా నెలలు రింగుకి దూరంగా ఉంది. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అంతటి అమ్మాయే ఆగితే, మన పిల్లకి మోకాలు వాచినప్పుడు "ఓర్చుకో" అనే హక్కు ఎవరికీ లేదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరు చెప్పి పిల్లల్ని దండించేవాళ్లనీ చూశాను. ఆయన ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని మన ఉత్తరాంధ్రంతా చెప్పుకుంటుంది. ఆయన ఒళ్లు వేరు, పదకొండేళ్ల పిల్ల ఒళ్లు వేరు. ఎదిగే ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. గచ్చు మీద పిడికిళ్లతో దండీలు, స్ప్లిట్ రాలేదని వెనక నుంచి భుజాలు నొక్కడం, పోటీ కోసం తిండి మాన్పించి బరువు తగ్గించడం, ఇవేవీ వద్దు. ఇలాంటి బరువు తగ్గింపులూ, పెద్దల అతీ చూసి జపాన్ జూడో సమాఖ్య 2022లో చిన్న బడి పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీనే ఆపేసింది.

మన ఊరి ఉక్కపోత సంగతి నీకు చెప్పేదేముంది. సముద్రపు గాలిలో తేమకి చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. ఏప్రిల్, మే నెలల్లో దళసరి యూనిఫాం వేసి సాయంత్రం నాలుగింటికి మేడ మీద గంటన్నర ఆపకుండా చేయిస్తే పిల్లలు పడిపోతారు. నీళ్లు తాగనివ్వకపోవడాన్ని క్రమశిక్షణ అనేవారి దగ్గర ఒక్కరోజు కూడా ఉంచొద్దు. పట్లు పట్టే విద్యలైతే తామర కూడా ఇక్కడ తేలిగ్గా అంటుకుంటుంది. మ్యాట్లు రోజూ తుడుస్తారా అని అడుగు, ఇంటికి రాగానే స్నానం, యూనిఫాం ఉతుకు.

ఆడపిల్ల తండ్రివి కాబట్టి ఇదీ చెప్పాలి. ఒంటరిగా స్పెషల్ కోచింగ్, తలుపు మూసిన గది, పిల్లకి విడిగా మెసేజ్‌లు, ఇవి ఏ పేరు మీదా ఒప్పుకోవద్దు. పట్టు నేర్పడానికి ఎక్కడ పట్టుకోవాలో ముందే నోటితో చెప్పి పట్టుకునే మాస్టారు ఉత్తములు. పాపకి ఇబ్బంది అనిపిస్తే మన ఇంట్లో ఎవరికైనా చెప్పొచ్చని ముందే చెప్పి ఉంచు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా నేర్పు. పోక్సో చట్టం 2012 నుంచీ ఉంది, పరువు పోతుందని ఊరుకునే కాలం కాదు.

ఇక నీ సంగతి. ఇన్నేళ్లు కుర్చీలో కూర్చున్న నడుము నీది. మొదటి రెండు మూడు నెలలు స్పారింగ్ జోలికి పోకు, ప్యాడ్లు చాలు. తర్వాత కూడా ప్రతిసారీ గట్టిగా కొట్టుకోవాలని ఏమీ లేదు. "మెల్లగా ఆడదాం" అని ముందే చెప్పు, వినని కుర్రాడితో జత కట్టకు. ఎవరైనా మడమ మెలిపెట్టే హీల్ హుక్ చూపిస్తానంటే వద్దను. అందులో నొప్పి తెలిసేసరికి మోకాలి లిగమెంటు తెగిపోయి ఉంటుంది.

పాపకి మౌత్‌గార్డు వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకి అచ్చు తీసుకునే రకం కొను. పళ్లు ఇంకా మారుతున్న వయసు, ఎప్పటికప్పుడు సరిపోతోందో లేదో చూసి మార్చు. బెల్టు పరీక్షల ఫీజులు ఏడాదికి ఎంతవుతాయో చేరకముందే కాగితం మీద రాయించుకో. కనీసం రెండు చోట్ల చూశాక ఫోన్ చెయ్యి. రెండో చోటికి పాపని కూడా తీసుకెళ్లు, బయటికొచ్చాక తనేమంటుందో ముందు విను.

ఇట్లు,
మీ అత్త