తొట్టి దగ్గర పెత్తనం చేసే ఆబోతు సంగతి

చిరంజీవి చిన్నాకు,

పెదనాన్న ఆశీస్సులు. ఆస్ట్రేలియాలో చార్టర్స్ టవర్స్ ఊరి అవతల పశువుల స్టేషన్‌లో (పెద్ద పశువుల క్షేత్రంలో) చేరావనీ, ఈ ఏడు ఆబోతుల పని నీకే అప్పగించారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. క్వీన్స్‌లాండ్‌లో ముప్ఫై ఏళ్లు పశువుల డాక్టరుగా తిరిగినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోయాను.

మన ఊళ్లో మందకు ఒకటే ఆబోతు. అక్కడ ఒక్క ప్యాడక్‌లోనే, అంటే కంచె వేసిన మేత బీడులోనే, నాలుగు వందల ఆవులు, వాటి మధ్య పది పన్నెండు బ్రాహ్మన్ జాతి ఆబోతులు ఉంటాయి. ఏ దూడకు ఏది తండ్రో కంటితో చూసి చెప్పలేం. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక బయటపడింది: దూడల్లో పెద్ద వాటా కొన్ని ఆబోతులదే, కొన్నిటికి ఒక్క దూడ కూడా లేదు.

వెళ్లగానే ఒక సాయంత్రం నీళ్ల తొట్టి దగ్గర బండి ఆపుకుని కూర్చో. పెద్ద ఆబోతు వస్తుంది. పోట్లాడదు. మెడ దించి, మూపురం కనబడేలా అడ్డంగా నిలబడి, గొంతులో సన్నగా గుర్రుమంటుంది. అప్పటిదాకా నీళ్లు తాగుతున్న కోడె మూతి పైకెత్తి, నీళ్లు కారుతుండగానే తల పక్కకు తిప్పుకుని తప్పుకుంటుంది. అంతే, పెత్తనం ఎవరిదో తేలిపోయింది. ఏది ఎవరికి దారి ఇచ్చిందో చెవి పోగు నంబర్లతో సహా రాసుకో.

ఆ పెత్తనం వయసు వల్ల, ఒంటి బరువు వల్ల, ఆ మందలో ఎన్నాళ్లుగా ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. వీర్యం బాగుందా లేదా అన్నది వేరే సంగతి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చేరిన కొత్తలో ఒక చిన్న ప్యాడక్‌లో ఎనిమిదేళ్ల ఆబోతునూ రెండేళ్ల కోడెలను మూడింటినీ కలిపి వదిలాం. నిరుడు దూడలు బాగా పుట్టాయి కదా అని పెద్దదాన్ని పరీక్ష చేయకుండానే సరే అన్నాను. దాని అంగానికి దెబ్బ తగిలి వాచి ఉంది. ఆవు మీదికి ఎక్కుతోంది కానీ దాటలేకపోతోంది, అంటే జత కట్టలేకపోతోంది. ఎదకొచ్చిన ఆవుకు కాపలా కాస్తూ కోడెలను దగ్గరికి రానివ్వలేదు. చూడి పరీక్షకు ఒకదాని తర్వాత ఒకటి చేయి పెట్టి చూస్తుంటే గర్భసంచులు ఖాళీ. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

అందుకే, పెత్తనం చేసేదాన్నే ముందు క్రష్‌లోకి (పశువును కదలకుండా పట్టి ఉంచే ఇనుప బోనులోకి) ఎక్కించు. నడక చూడు, అంగం చూడు, బీజాల చుట్టుకొలత టేపుతో కొలువు. అది వయసుకూ జాతికీ తగినంత ఉండాలి. వీర్యంలో సవ్యమైన కణాలు 70 శాతానికి తగ్గితే పక్కన పెట్టు, మేనేజరుకు ఎంత ముద్దొచ్చినా సరే. వీర్యకణం తయారవడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి వానలకు ముందే ఈ పని ముగించు. ఆబోతు నుంచి ఆవుకు సోకి గర్భం నిలవనివ్వని విబ్రియోసిస్ రోగానికి టీకా కూడా అప్పుడే.

ఆవుల్లోకి వదిలేది ఒక ఈడువాటినే. కోడెలను ముసలివాటితో కలిపితే అవి మూల చేరతాయి. కొమ్ములున్నవాటినీ లేనివాటినీ కూడా కలపకు. కలిపే గుంపును కొన్ని వారాల ముందే ఒకచోట ఉంచు. కుమ్ములాటలన్నీ ఆవులు లేనప్పుడే అయిపోవాలి. వదిలిన రోజే కొత్తవాటిని తెచ్చి కలిపితే ఎద సంగతి మరిచి పోట్లాడుకుంటాయి, కాళ్లు విరగ్గొట్టుకుంటాయి.

పరీక్షలో నెగ్గినవైతే వంద ఆవులకు రెండున్నర లెక్కన చాలు. నాలుగు కావాలని పాతవాళ్లు పట్టుబడతారు, నెమ్మదిగా నచ్చజెప్పు. ప్యాడక్ పెద్దదైతే ఆబోతులను ఒక్కో తొట్టి దగ్గర కొన్ని చొప్పున దించు. పెద్దది ఒక ఆవును పట్టుకుని ఉండగా మిగతావి ఇంకోచోట పని కానిస్తాయి.

బ్రాహ్మన్‌లో మన ఒంగోలు రక్తం కూడా ఉంది, ఆ మూపురాలు చూస్తే నాకు ఊరు గుర్తొచ్చేది. వీటి ఆవుల్లో ఎద కొద్ది గంటలే, చాలాసార్లు రాత్రిపూటే. పగలు దాటడం కనబడలేదని ఆబోతును తప్పు పట్టకు. మూడు వారాలకు అవే ఆవులు మళ్లీ ఎదకొస్తుంటే మాత్రం వెంటనే కనుక్కో.

ఇంకొకటి నాన్నా, రెండు కుమ్ముకుంటుంటే మధ్యలోకి వెళ్లకు. ఓడినది వెనుతిరిగి ఎటు పరిగెడుతుందో దానికే తెలియదు. బండి తలుపు తీసే ఉంచు.

మీ పెదనాన్న