మొక్కింది అమ్మ, తీర్చేది నువ్వా?

మేడమ్ గారికి, నాకు 24 ఏళ్లు. మాది కోనసీమ. గురుమఠంలో (ఫాదర్ల చదువు చెప్పేచోట) ఆరేళ్లు చదివాక రెండేళ్ల సేవకని మా కతోలిక సభ నన్ను పసిఫిక్ సముద్రంలో కిరిబాటి దేశానికి పంపింది. రాజధాని తరావాకు దూరంగా ఉన్న చిన్న దీవి. వచ్చి 14 నెలలైంది. తెల్లవారుజామున 5 గంటలకు ప్రార్థన, తర్వాత బడిలో పాఠాలు, సాయంత్రం పిల్లలకు పాటలు, ఆపైన ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసి రావడం. వాన నీళ్ల ట్యాంకు అడుగంటితే ఉప్పగా ఉండే బావి నీళ్లే గతి. ఓడ ఆలస్యమైతే బియ్యం ఉండవు. చేప, కొబ్బరి, బబాయి దుంప, అంతే. ఒళ్లంతా సెగ్గడ్డలు లేచాయి. రెండుసార్లు విరేచనాలతో మంచాన పడ్డాను. నాతో ఉండే పెద్ద ఫాదర్ మంచివారే కానీ మాటలు తక్కువ. ఆరోగ్యం సాకుగా చూపి బదిలీ అడగొచ్చా? అడిగితే మాట తప్పినట్టా? ఇంట్లో ఇవేవీ చెప్పలేదు. మూడేళ్లప్పుడు నాకు మెదడువాపు జ్వరం వస్తే, బతికితే దేవుడికి ఇచ్చేస్తానని అమ్మ మొక్కుకుంది. ప్రతి ఆదివారం నా ఫోన్ స్పీకర్‌లో పెట్టి చుట్టుపక్కల వాళ్లందరికీ వినిపిస్తుంది. పైగా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఓ బ్రదర్

బ్రదర్ గారూ అనాలి నిన్ను. కానీ నీది మా చిన్నవాడి వయసు. నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

బదిలీ సంగతి ముందు తేల్చేద్దాం. అడుగు. మాట తప్పడం, మట్టిగడ్డా ఏమీ లేదు. నీకంటే ముందు ఎంతోమంది కుర్రాళ్లను దూరాలకు పంపినవాళ్లు మీ పైవాళ్లు. ఇస్తే ఇస్తారు, లేదంటే లేదు. దానికంటే ముందు వచ్చే విమానమో పడవో ఎక్కి తరావా ఆసుపత్రిలో ఆ గడ్డలు చూపించుకో. ఒళ్లంతా గడ్డలతో, రెండుసార్లు మంచాన పడి లేచినవాడు తన జబ్బును తనే ‘సాకు’ అని రాశాడు చూడు, నేను అక్కడ ఆగిపోయాను. ఆ మాట నీది కాదు. ఎవరో నీ నోట్లో పెట్టారు.

ఎవరో నీకూ తెలుసు. ఉత్తరం మూడు పేజీలు రాశావు. నేను పైన కుదించి వేశాను గానీ, అందులో దేవుడి పేరు నాలుగుసార్లు వస్తే అమ్మ పేరు ప్రతి పేరాలో ఉంది. అమ్మ ఏమనుకుంటుంది, అమ్మ తట్టుకుంటుందా, గుడిలో అమ్మ తల ఎత్తుకోగలదా. నీకు కష్టం పెడుతున్నది ఉప్పునీళ్లు కాదయ్యా. వారం వారం ఆ స్పీకర్ ఫోన్‌లో నువ్వు చెప్పే అబద్ధం.

నీకు మూడేళ్లప్పుడు ఆవిడ మొక్కుకుంది. బిడ్డ చచ్చిపోతాడని భయపడిన తల్లి ఏదైనా మొక్కుతుంది, దానికి నేను తప్పు పట్టను. మా అమ్మా మొక్కింది నా కోసం. కానీ తనే ఏటా ఉపవాసాలుండి తీర్చుకుంది, నన్ను ఒక్క పూట పస్తు ఉంచలేదు. గుణదల కొండ దగ్గర తలనీలాలిస్తే మళ్లీ మొలుస్తాయి. నీ వయసు మొలవదు కదా. దేవుడికి ఇచ్చానన్నవాడిని ఇంకా ఇంటి గుమ్మంలో ప్రదర్శనకు పెట్టుకుంటే అది ఇచ్చినట్టు ఎలా అవుతుంది? హన్నా తన కొడుకు సమూయేలును గుడికి ఇచ్చేశాక కూడా ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేదని బైబిల్లో ఉంది. అంటే పిల్లాడు ఎంత ఎదిగాడో ఆవిడకు తెలుసు. మీ అమ్మకు నీ కొలత తెలియదు. నువ్వు తెలియనివ్వలేదు, అందులో సగం తప్పు నీది.

నువ్వున్న దేశం పేరు కిరిబాటి అని రాసి కిరిబాస్ అని పలుకుతారు. వాళ్ల భాషలో టీ, ఐ కలిస్తే ‘స్’. మీ ఇంట్లోనూ అంతే, ఉన్నది ఒకటి, పలికేది ఒకటి.

ఇంకో మాట. ఉత్తరం మొత్తంలో ఒక్కచోట నీ గొంతు వినిపించింది. పక్కింటి ముసలాయన పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్టెక్కి కరేవే దింపుతూ పైనుంచి పాడతాడని, ఒకరోజు నిన్నూ ఎక్కించాడని రాశావు. మన నీరా లాంటిదే కదా అది. కోనసీమ పిల్లాడివి, చెట్టెక్కడం చూసి ఊరంతా మెచ్చుకుందట. మనేయాబాలో, అదే వాళ్ల ఊరి పెద్ద చావడిలో, ఒక్కో వంశానికీ ఒక్కో చోటు ఉంటుందని తెలియక వేరేవాళ్ల చోటులో కూర్చుంటే పెద్దలు పగలబడి నవ్వారని రాశావు. చదివి నేనూ నవ్వాను. అక్కడి మొగలాకు చాపలు, సీమపనస, గోతుల్లో పెంచే ఆ బబాయి (మన చేమదుంపకు పెద్దన్నలా ఉందే!) ఇవన్నీ మీ అమ్మకు చెప్పావా? లేదు. ‘అంతా దేవుడి దయ’ అని ఫోన్ పెట్టేశావు. కష్టం దాచబోయి సంతోషం కూడా దాచేశావు. అందుకే నువ్వు తిరిగి రావాలో ఉండాలో నేను చెప్పను. ఎవరూ చూడనప్పుడు నీకు ఆ దీవి నచ్చుతుందేమో. నచ్చకపోవచ్చు కూడా.

మధ్యలో వస్తే పరువు పోతుందంటావు. ఆ దీవులకు 1857లో, అబయాంగ్‌కు, హైరమ్ బింగ్‌హామ్ అనే మిషనరీ వెళ్లాడు. మీ సభ కాదులే, ప్రొటెస్టెంటు. ఒళ్లు చెడి 1864లో హోనలూలుకు వెళ్లిపోయాడు. వాళ్ల భాషలోకి బైబిల్ అనువాదం మాత్రం వదల్లేదు. మొత్తం 1890లో పూర్తయింది. వెళ్లిపోయాడని ఇప్పుడు ఎవరైనా తిడుతున్నారా? ఇక నువ్వు లేకపోతే అక్కడి విశ్వాసుల గతేమిటని దిగులొద్దు. ఆ దీవుల్లో మీ కతోలిక విశ్వాసాన్ని మొదట తెచ్చింది ఫాదర్లు కాదు. తహితీ తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన బెటెరో, తిరోయ్ అనే ఇద్దరు దీవివాళ్లు. ఫాదర్లు 1888లో గానీ రాలేదు.

చెల్లి పెళ్లి అంటావా, అన్న మఠం వదిలేశాడని వెనక్కిపోయే సంబంధం పోనీ. అలాంటి ఇంట్లో ఆ పిల్లకు రేపు కూర చెడితే ఏమంటారో! ఆ పిల్లను కూడా అడిగావా అసలు? ఇంట్లో నిన్ను నిన్నుగా చూసేది తనొక్కతేనేమో.

ఈ ఆదివారం ఫోన్ చేయకు. బుధవారం చెయ్యి. నీకు సాయంత్రం 5 అయితే ఇక్కడ ఉదయం పదిన్నర. నాన్న కొబ్బరి రాశి దగ్గరికి, చెల్లి కాలేజీకి వెళ్లి ఉంటారు, ఇరుగుపొరుగు వాళ్లు వంటపనుల్లో ఉంటారు. ముందు స్పీకర్ తీసెయ్యమను. ‘దేవుడికి ఇచ్చిన బిడ్డవి, ఇలా మాట్లాడొచ్చా’ అని ఏడుస్తుంది. ఏడవనీ, మధ్యలో ఫోన్ పెట్టకు. నువ్వూ ఏడిస్తే ఏడువు. బదిలీ, తిరిగి రావడం, నీకు దేవుడి పిలుపు ఉందా లేదా, ఈ పెద్ద మాటలన్నీ ఆ రోజు ఎత్తొద్దు. ఆ సెగ్గడ్డల సంగతితో మొదలుపెట్టు.